అప్లికేషన్ పాఠాలు – 4: ఆ 5.4 సంగతి ఎక్కడ చెప్పాలి, ఎంత చెప్పాలి

ఒక సెమిస్టర్‌లో మార్కులు పడిపోతే, పై చదువుల అప్లికేషన్‌లో ఆ సంగతి ఎలా చెప్పాలన్నది ఈ పాఠం. పోయిన పాఠంలో ఎనిమిది సెమిస్టర్ల మెమోలూ వరసగా పరిచి, ఎస్‌జీపీఏలన్నీ (ఒక్కో సెమిస్టర్‌కు 10కి వచ్చిన గ్రేడ్ సగటు) ఒక తెల్లకాగితం మీద రాసుకోమన్నాను. రాసుకున్నవాళ్లు ఆ కాగితం ముందర పెట్టుకోండి. రాయనివాళ్లు ఇప్పుడే రాయండి, ఐదు నిమిషాల పని.

నేను వాడుతున్న కాగితం ఒక సివిల్ కుర్రాడిది. ఊరు మునుగోడు వైపు, బీటెక్ నల్గొండలో. పేరు రాయొద్దన్నాడు, అంకెలు వాడుకోమన్నాడు. అవి ఇవి: 5.8, 5.4, 5.9, 6.5, 7.0, 7.4, 7.9, 8.1. సెమిస్టర్‌కు 20 క్రెడిట్ల చొప్పున లెక్కేస్తే సీజీపీఏ (అన్ని సెమిస్టర్ల మొత్తం సగటు) 6.75. అతను పోవాలనుకుంటున్నది అమెరికాలో, ఇల్లినాయ్ యూనివర్సిటీ అర్బానా–షాంపేన్ క్యాంపస్‌కు, ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్‌లో ఎంఎస్ కోసం. 9 దాటినవాళ్లు కూడా అప్లై చేసి భయంభయంగా ఎదురుచూసే చోటు అది.

ముందు ఒక సంగతి తేల్చుకోండి. మీరు తడుతున్న తలుపు వెనక ఎవరైనా కూర్చుని చదువుతారా, లేక అంకె చూసి పక్కన పెడతారా? మన దగ్గర ఎక్కువ తలుపులు రెండో రకం. జేఈఈ మెయిన్‌లో ఎంత మంచి ర్యాంకు వచ్చినా ఎన్‌ఐటీ సీటుకు ఇంటర్‌లో 75 శాతం (ఎస్సీ, ఎస్టీలకు 65) ఉండాలి, లేదంటే బోర్డులో పై 20 పర్సంటైల్‌లో ఉండాలి. అక్కడ మీ కథ వినే నాథుడు ఉండడు. మన రాష్ట్ర విదేశీ విద్యానిధి పథకాలూ అంతే, డిగ్రీలో 60 శాతం అడుగుతాయి. జేఎన్‌టీయూహెచ్ (హైదరాబాద్ జేఎన్‌టీయూ) సూత్రం ప్రకారం సీజీపీఏలోంచి 0.5 తీసేసి 10తో గుణించాలి. మనవాడికి 62.5 వచ్చింది, గట్టెక్కాడు. అదే 6.4 అయితే 59. ఎంత చక్కటి ఇంగ్లిష్ రాసినా ఆ ఒక్క శాతం లోటు పూడదు. ఇలాంటి చోట చేయాల్సింది రాయడం కాదు; సప్లీనో ఇంప్రూవ్‌మెంటో ఏది వీలైతే అది కట్టి, అంకె పెంచుకోవడం.

అమెరికా యూనివర్సిటీల్లో చాలావరకు మొదటి రకం. అక్కడా 4కి 3.0 సగటు కావాలని రాసి ఉంటుంది గానీ, దాంతోపాటు ఎస్‌ఓపీ (ఏం చేశారో, ఎందుకు చదవాలనుకుంటున్నారో మీరే రాసుకునే వ్యాసం), రికమెండేషన్ లెటర్లు, మెమోలు కూడా తెప్పించుకుంటారు. ఇక్కడ మనవాళ్లు చేసే పెద్ద తప్పు ఒకటుంది. 6.75ని 0.4తో గుణించి 2.7 అని రాసుకుని, రాత్రంతా టెన్షన్ పడతారు. ఎవరు గుణించమన్నారు? చాలా ఫారాల్లో మార్కులు మార్చొద్దు, మీ స్కేలులోనే వేయండి అని స్పష్టంగా ఉంటుంది. 10కి 6.75 అని వేసి వదిలేయండి. మార్చుకోవడం వాళ్ల పని.

ఇక అసలు పాఠం. తక్కువ మార్కుల గురించి మనవాడు మొదట రాసుకొచ్చిన ముక్క ఇది:

"నా చదువులో ఎన్నో ఒడిదుడుకులు ఎదుర్కొన్నాను. ఆర్థిక ఇబ్బందుల వల్ల, కుటుంబ బాధ్యతల వల్ల పూర్తిగా దృష్టి పెట్టలేకపోయాను. దయచేసి నా పరిస్థితిని అర్థం చేసుకుని అవకాశం ఇవ్వగలరని ప్రార్థిస్తున్నాను."

ఇందులో అబద్ధం లేదు, కానీ మనిషీ లేడు. మిర్యాలగూడ కుర్రాడైనా, అచ్చంపేట అమ్మాయైనా ఒక్క అక్షరం మార్చకుండా ఇదే పంపొచ్చు. పైగా చివరి వాక్యం చూడండి. అది అర్జీ భాష. మనకు చిన్నప్పటి నుంచి అప్లికేషన్ అంటే అర్జీయే. ఆదాయం సర్టిఫికెట్ కోసం తహసీల్దార్ ఆఫీసుకు రాసినా, సెలవు కోసం హెడ్‌మాస్టర్‌కు రాసినా 'తమరి విధేయుడు' అని ముగించాల్సిందే. ఆ అలవాటు చేతిలో ఉండిపోయింది. కానీ యూనివర్సిటీలో అప్లికేషన్లు చదివే కమిటీలో కూర్చున్నవాళ్లకు మీ మీద జాలి పడే పని లేదు. 'ఈ 5.4 మళ్లీ వస్తుందా, రాదా?' వాళ్ల అనుమానం అదొక్కటే. మీ పేరా ఆ అనుమానానికి జవాబు కావాలి.

అందుకే అతన్ని కూర్చోబెట్టి అడిగాను. రెండో సెమిస్టర్‌లో ఏమైంది? ఏ సబ్జెక్టులు పోయినయ్? ఎప్పుడు రాసినవ్?

"సార్, అప్పుడు బాపు కాలు విరిగింది. ఆర్నెల్లు మంచం మీదనే. బత్తాయి తోట నేనే చూసుకున్న. అది గూడ రాయాల్నా?"

అదే రాయాలి. కాకపోతే ఒక్క వాక్యంలో. నాలుగుసార్లు కొట్టేసి తిరగరాశాక మిగిలింది ఇది:

"రెండో సెమిస్టర్‌లో మా నాన్న కాలు విరిగి ఆరు నెలలు మంచాన పడితే, ఆ కాలంలో మా నాలుగెకరాల బత్తాయి తోట పనులు నేను చూసుకున్నాను. మ్యాథ్స్, ఇంజినీరింగ్ మెకానిక్స్ తప్పాను. మరుసటి ఏడాది రెండూ రాసి పాసయ్యాను. మొదటి నాలుగు సెమిస్టర్లలో నా సగటు 5.9, చివరి నాలుగింటిలో 7.6."

నాలుగు వాక్యాలు. జరిగింది, దానివల్ల పోయింది, సరిదిద్దుకున్నది, ఆ తర్వాత అంకె. 'దురదృష్టవశాత్తూ' లేదు, 'ఎంతో' లేదు. చివరి వాక్యంలోని రెండు అంకెలే అసలు బలం. వాటిని కమిటీ లెక్కేసుకుంటుందిలే అని వదిలేయకండి, మీరే వేసి చూపించండి.

మరి మొదటి సెమిస్టర్ 5.8? దానికి బాపు కాలు కారణం కాదు. అడిగితే నవ్వాడు. కొత్త ఫోను, కొత్త దోస్తులు. సరే, దానికి కారణం కల్పించొద్దన్నాను. ప్రతి పల్లానికీ ఒక విషాదం అతికిస్తే నిజమైనది కూడా నమ్మరు. 5.8 అలాగే ఉండనీ, పైకి పోతున్న గీత ఎలాగూ కనబడుతుంది.

ఈ నాలుగు వాక్యాలు ఎక్కడ పెట్టాలి? అదనపు వివరాలకు ఫారంలో వేరే గడి ఉంటే అందులో. లేకపోతే ఎస్‌ఓపీలో చివరి పేరాకు ముందు. మొదటి పేరాలో మాత్రం వద్దు. ఇంటికొచ్చిన చుట్టానికి మంచినీళ్లయినా ఇవ్వకముందే అప్పుల సంగతి ఎత్తుతామా?

ఎస్‌ఓపీ మొదట్లో ఏముండాలంటే, మీరు చేసిన పని. మనవాడి దగ్గర అది ఉంది, అతనికే తెలియలేదు. మొదటి డ్రాఫ్టులో నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్‌తో కాళ్లు వంకర పోయినవాళ్ల గురించి సగం పేజీ నింపాడు. ఆ బాధ అతనిది కాదు, అరువు తెచ్చుకున్నది. అతను చేసింది వేరే. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు కోసం మూడు ఊళ్ల బోరు నీళ్లు సీసాల్లో పట్టుకొచ్చి ల్యాబ్‌లో ఫ్లోరైడ్ కొలిచాడు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది హద్దు. దాటిన నీళ్లకు 'నల్గొండ టెక్నిక్' వాడి చూశాడు.

ఈ పేరు దగ్గర కాసేపు ఆగాలి. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) 1970లలో తయారుచేసిన పద్ధతి ఇది. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి కలిపితే ఫ్లోరైడ్ మడ్డితో పాటు అడుక్కు దిగుతుంది, పైన తేరిన నీళ్లను వడపోస్తారు. ఆఫ్రికా దేశాల నీళ్ల గురించి రాసిన పేపర్లలో కూడా ఇదే పేరుతో ఉంటుంది. మన నల్గొండ గడియారం సెంటర్‌లో పదిమందిని ఆపి అడిగితే ఎందరికి తెలుసో చెప్పలేను గానీ, ఆ కమిటీలో నీటిశుద్ధి చదివిన ప్రొఫెసర్ ఉంటే మాత్రం మన జిల్లా పేరు ఆయనకు కొత్త కాదు.

అయినా ఊరి పేరు ఒక్కటే సరిపోదు. అతని ప్రాజెక్టులో నాకు నచ్చిన ముక్క ఇంకోటి. పటిక ఎక్కువ పట్టింది, అడుగున బకెట్లో బురద మిగిలింది. దాన్ని ఎక్కడ పోయాలో తెలియక రెండు రోజులు ల్యాబ్ వెనకాలే ఉంచాడు. అందులో ఫ్లోరైడూ అల్యూమినియమూ ఉన్నాయి, కాలువలో పోస్తే నష్టం. నిజానికి ఈ పద్ధతికి ఉన్న పెద్ద లోపాల్లో ఆ బురద ఒకటి. ఇప్పుడు అతని ఎస్‌ఓపీ ఆ బకెట్ దగ్గర మొదలవుతుంది. ఆ బురదను ఏం చేయాలో తేల్చుకోవడానికే పై చదువు అంటున్నాడు. అది చదివినవాళ్లకు 5.4 కనబడదని కాదు, కనబడేసరికి మనిషి పరిచయమై ఉంటాడు.

రికమెండేషన్ లెటర్ గురించి రెండు మాటలు. మన కాలేజీల్లో అడగ్గానే వచ్చే జవాబు తెలిసిందే: "నువ్వే రాసుకుని రా, సంతకం పెడతా." నేను చదువుకునేటప్పుడూ అంతే, నా గురించి నేనే 'చాలా వినయశీలి' అని రాసుకున్నాను, ఇప్పటికీ సిగ్గేస్తుంది. ముగ్గురు సార్ల లెటర్లూ ఒకే గొంతుతో ఉంటే చదివేవాళ్లు పట్టేస్తారు. హోదా చూసి ప్రిన్సిపాల్ దగ్గరికి పరుగెత్తకండి. బకెట్ చూసిన ప్రాజెక్టు గైడ్‌నే అడగండి. లెటర్ కాదు, ఒక పేజీ నోట్సు ఇవ్వండి: ఏం చేశారు, ఏది చెడింది, ఆయన ఏం సలహా ఇచ్చారు. వాక్యాలు ఆయనవే కానివ్వండి. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు దిగగానే కనిపించే కన్సల్టెన్సీల రెడీమేడ్ ఎస్‌ఓపీల గురించి మొదటి పాఠంలోనే చెప్పాను, మళ్లీ చెప్పను.

ఈ వారం పని: మీ కాగితంలో అన్నిటికంటే తక్కువ ఉన్న సెమిస్టర్ కింద గీత గీయండి. దాని గురించి నాలుగు వాక్యాలు తెలుగులోనే రాయండి. ఇంగ్లిష్‌లో మొదలుపెడితే ఆ 'ఒడిదుడుకులు' మళ్లీ వచ్చి కూర్చుంటాయి. రాశాక ఇంట్లో ఎవరికైనా చదివి వినిపించండి. "అట్ల జరగలే గదా" అని వాళ్లు అంటే ఆ వాక్యం కొట్టేయండి.

ఐదో పాఠంలో ఆ నాలుగు వాక్యాలను ఇంగ్లిష్‌లోకి తీసుకుపోదాం. డిక్షనరీ అక్కర్లేదు, పెన్సిలూ రబ్బరూ దగ్గర పెట్టుకోండి.