మార్గదర్శకాల్లో నిబంధన నంబర్లు తప్పు కాకుండా ఉండాలంటే

యూనివర్సిటీ పరీక్షల మార్గదర్శకాల్లో మధ్యలో ఒక నిబంధన చేరిస్తే చాలు, ‘4.2 చూడండి’ అన్నవన్నీ తప్పు చోటికి పంపుతాయి. అందుకే ఆ అంకెలు చేత్తో టైప్ చేయొద్దు.

వర్డ్‌లో అధ్యాయాలకు హెడింగ్ 1, నిబంధనల శీర్షికలకు హెడింగ్ 2 స్టైల్ ఇవ్వండి. మల్టీలెవెల్ లిస్ట్‌లో ‘హెడింగ్’ అని కనిపించే నమూనా ఎంచుకుంటే అంకెలు వాటంతటవే పడతాయి. ‘చూడండి’ అనే చోట రిఫరెన్సెస్ ట్యాబ్‌లో క్రాస్-రిఫరెన్స్ నొక్కి, రకం హెడింగ్, చూపాల్సింది హెడింగ్ నంబర్ అని పెట్టండి. మార్పులయ్యాక కంట్రోల్+ఏ, ఆపై ఎఫ్9 నొక్కితే ఆ నంబర్లన్నీ సరవుతాయి.

ఫుట్‌నోట్లు, టెక్స్ట్ బాక్సులు దీనికి లొంగవు. అక్కడ విడిగా సెలెక్ట్ చేసి ఎఫ్9 కొట్టాలి. శీర్షికనే తీసేస్తే నంబర్ బదులు ఇంగ్లిష్‌లో ‘Error!’ అని వస్తుంది, పీడీఎఫ్ చేసేముందు ఆ మాట వెతకండి.