లేక్ మధ్యలో ఆగర్ మొరాయిస్తే: సమస్యలు - పరిష్కారాలు

మిన్నియాపొలిస్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లలో చాలామంది మొదటి రెండు చలికాలాలూ కిటికీలోంచే చూస్తారు. మూడో ఏడు ఆఫీసులో ఎవరో ఒకరు లేక్ మీదికి లాక్కెళ్తారు. గడ్డకట్టిన నీళ్ల మీద బకెట్ బోర్లించి కూర్చోబెడతారు. ఐస్‌లో వేసిన కన్నంలోంచి ఒక వాల్ఐ చేప కొట్టుకుంటూ పైకొస్తుంది. ఇక అక్కడితో పిచ్చి పట్టుకుంటుంది. మర్నాడు పొద్దున్నే వచ్చే ప్రశ్న ఒకటే: ఐస్‌లో కన్నం వేసే మర, అదే ఆగర్, ఏది కొనాలి?

నేనూ అందరినీ అలాగే అడిగాను. చివరికి అందరూ చెప్పింది వదిలేసి, పెద్ద ఇంజిన్ ఉన్న, పది అంగుళాల వెడల్పు కన్నం వేసే పెట్రోలు ఆగర్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. మన ఊళ్లో బోరు బండ్లు చూసి పెరిగిన బుర్ర కదా, ఎంత లావు మర ఉంటే అంత గొప్ప అనుకున్నాను. మొదటి శనివారం మిల్ లాక్స్ లేక్ మీద తాడు లాగీ లాగీ భుజం పట్టేసింది, ఇంజిన్ కనీసం దగ్గను కూడా దగ్గలేదు. పక్కన ఒక పెద్దాయన చేత్తో తిప్పే ఆగర్‌తో నాలుగు కన్నాలు వేసుకుని, నా అవస్థ చూడలేక ఒకటి నాకు దానం చేశాడు.

ఆ రోజు నుంచి ఆగర్‌ని చూసే పద్ధతి మారింది. ఎంత ఖరీదైనదైనా ఏదో ఒక రోజు మొరాయిస్తుంది. ఆ మొరాయింపుని లేక్ మధ్యలో, గ్లౌజులు తీయకుండా, ఇంకొకరి సాయం లేకుండా సరిచేసుకోగలనా అన్నదే ఇప్పుడు నేను చూసేది. అందుకే ఏది కొనాలో చెప్పేముందు ఏది ఎలా చెడుతుందో చెబుతున్నాను.

అంతకంటే ముందు ఇంకో మాట. ఆగర్ కిందికి దించే ముందు ఇనుప గడ్డపారలాంటి స్పడ్ బార్‌తో నాలుగడుగులకోసారి ఐస్‌ని పొడిచి చూసుకుంటూ నడవాలి. గట్టి, పారదర్శకమైన కొత్త ఐస్ కనీసం నాలుగు అంగుళాలు ఉంటేనే మనిషి నడవొచ్చని మిన్నెసోటా సహజ వనరుల శాఖ (డీఎన్ఆర్) చెబుతుంది. తెల్లగా, మంచు కలిసిన ఐస్ అయితే దానికి రెట్టింపు కావాలి. ఈ విషయంలో మొహమాటం, పందెం రెండూ వద్దు.

సమస్య: పెట్రోలు ఇంజిన్ స్టార్ట్ కాదు

నూటికి తొంభై సార్లు తప్పు ఇంజిన్‌ది కాదు, వేసవంతా గ్యారేజీలో ట్యాంకులో నిలవున్న పెట్రోలుది. ఇక్కడ బంకుల్లో దొరికే మామూలు పెట్రోలులో పది శాతం ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. నెలల తరబడి ఉంటే పెట్రోలు ఆవిరై, మిగిలింది జిగురులా కార్బురేటర్‌లోని సన్నటి దారుల్లో పేరుకుంటుంది. ఆ నీటి తడి చలికి గడ్డకట్టిందంటే పైపు కూడా మూసుకుపోతుంది.

అక్కడికక్కడ ఏం చేయాలి? ముందు సిగ్గు విడిచి స్విచ్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. నేను రెండుసార్లు ఆఫ్‌లో ఉంచే తాడు లాగాను. తర్వాత పెట్రోలు వాల్వు, చోక్. ప్రైమర్ బల్బు (ఇంజిన్‌లోకి పెట్రోలు ఎక్కించే రబ్బరు బుడగ) నొక్కితే అందులోకి పెట్రోలు రావడం కనపడాలి. ఇవన్నీ సరిగ్గా ఉండి ఇంకా పలకకపోతే స్పార్క్ ప్లగ్ విప్పండి. ప్లగ్ తడిగా ఉంటే ఎక్కువ పెట్రోలు తాగేసిందన్నమాట. తుడిచి, చోక్ తెరిచి, థ్రాటిల్ పూర్తిగా నొక్కి పట్టుకుని ఏడెనిమిది సార్లు లాగితే దారిలోకొస్తుంది. ప్లగ్ పొడిగా ఉంటే పెట్రోలు అక్కడిదాకా రావడంలేదు. అప్పుడు ఆ రోజుకి ఆ ఇంజిన్ మీద ఆశ వదులుకోవడమే మేలు. కార్బురేటర్‌ని గాలిలో, మైనస్ డిగ్రీల్లో విప్పేవాళ్లని చూశాను. ఒక చిన్న స్ప్రింగు మంచులో పడ్డాక వాళ్ల ముఖాలూ చూశాను.

శాశ్వతమైన మందు ఇంట్లోనే ఉంది. మిన్నెసోటాలో చిన్న ఇంజిన్ల కోసం ఇథనాల్ లేని పెట్రోలు కొన్ని బంకుల్లో విడిగా అమ్ముతారు. అదే వాడండి, పెట్రోలు పాడవకుండా ఉంచే స్టెబిలైజర్ కలపండి. సీజన్ అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిన్ తనంతట తాను ఆగిపోయేదాకా నడిపి పక్కన పెట్టండి. టూ స్ట్రోక్ అయితే ఆయిల్ పాళ్లు డబ్బా మీద కాదు, ఇంజిన్ మాన్యువల్‌లో ఏముందో అదే కలపాలి. ఫోర్ స్ట్రోక్ అయితే ఎండాకాలపు చిక్కటి ఆయిల్ పోస్తే చలికి పాకంలా తయారై తాడు కదలనివ్వదు. చలికి పనికొచ్చే పలచటి సింథటిక్ ఆయిల్ పోయాలి.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకు నా ఒక్కటే సలహా: వెళ్లేముందు ఫోన్ చేసి "నేనొచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని చెప్పండి. వేడెక్కిన ఇంజిన్ ఎవరు లాగినా పలుకుతుంది. చల్లగా ఉన్నది మీరే లాగి చూడాలి. నాకు అమ్మినాయన నేను వెళ్లేసరికే ఇంజిన్ నడుపుతూ నవ్వుతూ నిలబడ్డాడు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

సమస్య: మోటారు బాగానే తిరుగుతోంది, కన్నం మాత్రం దిగడంలేదు

ఇది అన్ని రకాల ఆగర్లకూ వచ్చే జబ్బు, అందరూ మోటారునే తిట్టుకునే జబ్బు. బయటికొస్తున్న ఐస్ తురుముని చేతిలోకి తీసుకుని చూడండి. కొబ్బరి కోరులా రేకులు రేకులుగా వస్తుంటే బ్లేడు బాగున్నట్టు. బియ్యప్పిండిలా మెత్తగా వస్తుంటే బ్లేడు మొద్దుబారింది. మీరు పైనుంచి బరువేసి నొక్కాల్సి వస్తోందంటే ఇక పరీక్ష కూడా అక్కర్లేదు. పదునైన బ్లేడు ఆగర్ సొంత బరువుతోనే దిగుతుంది.

బ్లేడు ఎందుకు మొద్దుబారుతుంది? ఎక్కువసార్లు ఇసుక వల్ల. బండ్ల చక్రాలతో వచ్చిన మట్టి, ఒడ్డుకు దగ్గరలో లోతు తక్కువ చోట నేలకి తగలడం, రెండూ ఒకేలా పాడుచేస్తాయి. ఇంకోటి మనం చేసుకునేదే: మరకి అంటిన తడి మంచు దులపడానికి ఆగర్‌ని ఐస్ మీద టకటకా కొట్టడం. ఆ దెబ్బంతా బ్లేడు అంచుకే తగులుతుంది. దులపాలంటే కన్నంలోంచి పైకి తీస్తూనే ఓసారి గిర్రున తిప్పండి.

కొత్త బ్లేడ్లు వేశాక కూడా దిగకపోతే మూడు చూడాలి. అంచు మీద పలచటి ఐస్ పొర పట్టిందా? ఒక కన్నానికీ ఇంకో కన్నానికీ మధ్య తడి బ్లేడు గాలికి క్షణాల్లో గడ్డకడుతుంది. గ్లౌజుతో జాగ్రత్తగా తుడవండి, లేదా లేక్ నీళ్లలోనే ఓ క్షణం ముంచండి. బ్లేడ్లు తిరగేసి బిగించారా? నవ్వకండి, జరుగుతుంది. అది ఆ ఆగర్ కోసం చేసిన బ్లేడేనా? కోణం కాస్త తేడా వచ్చినా ఐస్‌ని కొరకదు, పైపైన జారిపోతుంది. ఇంట్లో ఆకురాయితో పదును పెడితే సరిగ్గా ఈ కోణమే పాడవుతుంది. అందుకే నేను పదును పెట్టను, జత మార్చేస్తాను.

కొనేటప్పుడు మోటారు లెక్కలకంటే ముందు అడగాల్సింది ఇదే: బ్లేడ్ల జత ఖరీదెంత, మీ ఊళ్లో దొరుకుతుందా, మార్చడానికి ఏ పానా కావాలి. స్ట్రైక్‌మాస్టర్, ఎస్కిమో, జిఫీ లాంటి పాత పేర్లని ఇక్కడివాళ్లు వదలకపోవడానికి ఒక కారణం విడిభాగాలు దొరకడమే. ఒక జత బ్లేడ్లూ, పానా ఎప్పుడూ సంచిలో ఉండాలి. స్క్రూలు విప్పేటప్పుడు కింద బకెట్ మూత పెట్టుకోండి.

సమస్య: ఇంట్లో ఫుల్ చార్జ్, లేక్ మీద సగానికే చచ్చిపోతోంది

లిథియం బ్యాటరీ చలికి బద్ధకిస్తుంది. లోపలి రసాయన చర్య నెమ్మదిస్తుంది కాబట్టి ఉన్న శక్తి బయటికి రాదు. రాత్రంతా ట్రక్కులో వదిలేసిన బ్యాటరీతో పొద్దున బయల్దేరితే సగం కన్నాలే వస్తాయి. మందు చవక: బ్యాటరీని ఇంట్లో పడుకోబెట్టండి, లేక్ మీద కోటు లోపల పెట్టుకోండి, కన్నం వేసేటప్పుడే తగిలించండి.

ఒక్క హెచ్చరిక మాత్రం గట్టిగా. గడ్డకట్టే చలిలో ఉన్న బ్యాటరీని తేగానే చార్జర్‌లో పెట్టకండి. సున్నా డిగ్రీల సెల్సియస్ కంటే కింద చార్జ్ చేస్తే లిథియం లోహంగా పేరుకుని బ్యాటరీ శాశ్వతంగా దెబ్బతింటుంది. గదిలో కొన్ని గంటలు ఉంచి, లోపలిదాకా వేడెక్కాకే పెట్టాలి.

కొనేటప్పుడు పెట్టె మీది కన్నాల లెక్కని నమ్ముకోవద్దు. ఓల్టుల్ని ఆంపియర్ అవర్లతో గుణించండి. 40 ఓల్టులు, 4 ఆంపియర్ అవర్లు అంటే 160 వాట్ అవర్లు. 18 ఓల్టుల డ్రిల్ బ్యాటరీ 5 ఆంపియర్ అవర్లదైతే 90. రెండు ఆగర్లని పోల్చడానికి ఈ లెక్క చాలు.

సమస్య: డ్రిల్‌తో నడిచే ఆగర్, రెండు కన్నాలకే ఆగిపోతోంది

ఇంట్లో ఉన్న డ్రిల్‌కే తగిలించే తేలికైన ఆగర్లు వచ్చాక చాలామందికి ఇదే దారి. నాకూ ఇష్టమే. కానీ గోడకి మేకు కొట్టుకునే చిన్న డ్రిల్ ఈ పనికి రాదు. వేడెక్కి తనంతట తాను ఆగిపోతుంది, లేదా కాలిన వాసన కొడుతుంది. బ్రష్‌లెస్ మోటారు, అరంగుళం చక్ (మరని బిగించే నోరు), పక్కన పట్టుకునే రెండో పిడి, ఈ మూడూ ఉన్నదే వాడాలి. గేరు ఒకటిలో, అంటే తక్కువ వేగంలో పెట్టాలి. రెండో గేరులో వేగం కనిపిస్తుంది, బలం ఉండదు.

రెండో పిడి ఎందుకంటే, మర ఐస్‌లో ఇరుక్కున్న క్షణంలో డ్రిల్లే గిర్రున తిరుగుతుంది. ఒంటి చేత్తో పట్టుకుంటే మణికట్టు బెణకడం ఖాయం. ఇంకో ప్రమాదం ఆర్థికపరమైనది. చక్ వదులైతే మర జారి కన్నంలోంచి లేక్ అడుక్కి పోతుంది. కన్నంకంటే వెడల్పుగా ఉండే ఒక ప్లాస్టిక్ పళ్లెం మర పైభాగాన బిగించి అమ్ముతారు. అది పెట్టకుండా డ్రిల్ ఆగర్ నీళ్ల దగ్గరికి తీసుకెళ్లకండి.

సమస్య: అడుగుకి చేరగానే ఠక్కున పట్టేస్తోంది

ఐస్ చివరి అంగుళం తెగేటప్పుడు బ్లేడు ఒక్కసారిగా పెద్ద ముక్కని పట్టుకుంటుంది. అక్కడ బరువు వేయకుండా, కాస్త పైకి లాగి పట్టుకుని తిప్పాలి. రివర్స్ ఉన్న ఎలక్ట్రిక్ ఆగర్ అయితే సుఖం, ఇరుక్కున్నా వెనక్కి తిప్పితే వదులుతుంది, కన్నంలోని తడి మంచుని కూడా కిందికి నెట్టేస్తుంది.

నిన్నటి పాత కన్నాన్ని మళ్లీ తెరిచేటప్పుడు పట్టేస్తుంటే మాత్రం అది బ్లేడు జాతి తేడా. గీసినట్టు కోసే షేవర్ బ్లేడ్లు కొత్త ఐస్‌లో అన్నిటికంటే వేగం, పాత కన్నంలో ఎగిరెగిరి పడతాయి. ముక్కలుగా కొట్టే చిప్పర్ బ్లేడ్లు కొంచెం నెమ్మది, మొరటు పనికి మొనగాళ్లు. ఫిష్ హౌస్ (ఐస్ మీద వేసుకునే గుడిసె) ఒకేచోట పెట్టుకుని వారంవారం వెళ్లేవాళ్లయితే చిప్పరే తీసుకోండి.

సమస్య: మర మొత్తం దిగిపోయింది, నీళ్లు ఇంకా రాలేదు

ఐస్ మందం ఎక్కువ, మర పొట్టి. ఉత్తరాన లేక్ ఆఫ్ ది వుడ్స్, అప్పర్ రెడ్ లేక్ వైపు ఫిబ్రవరికి ఐస్ రెండడుగులు దాటడం మామూలే. ఎక్స్‌టెన్షన్ రాడ్ వేసుకోవాలి. మీరు కొనే మోడల్‌కి అది దొరుకుతుందో లేదో ముందే చూసుకోండి.

సమస్య: ఆగర్‌కి ఏమీ కాలేదు, నాకే భుజాలు పోయాయి

పది అంగుళాల మర ఎనిమిది అంగుళాల దానికంటే కొంచెమే పెద్దదనుకుంటాం. వైశాల్యం లెక్కేస్తే ఒకటిన్నర రెట్లు మించి ఐస్ తవ్వాలి. ఎనిమిదికీ ఆరుకీ మధ్య తేడా ఇంకా ఎక్కువ, దాదాపు 1.8 రెట్లు. బ్యాటరీ, బ్లేడు, నడుము, అన్నిటి మీదా ఆ భారం పడుతుంది. బ్లూగిల్, క్రాపీ లాంటి చిన్న చేపలకి ఆరు అంగుళాలు చాలు. వాల్ఐకి ఎనిమిది. పెద్ద నార్తర్న్ పైక్ కోసమే తిరిగేవాళ్లకి పది. మిన్నెసోటాలో చేపలు పట్టే కన్నం ఎంత వెడల్పు ఉండొచ్చో నియమం ఉంది, కాబట్టి అంతకంటే పెద్ద ఆశలు ఎలాగూ అక్కర్లేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను చెప్పేది ఎనిమిది అంగుళాల ఎలక్ట్రిక్. డబ్బు తక్కువైతే ఆరు అంగుళాల డ్రిల్ ఆగర్, మంచి డ్రిల్ ఉంటేనే. రోజుకి యాభై కన్నాలు, అదీ మందపాటి ఐస్‌లో వేసేవాళ్లకే ఇంజిన్.

ఇంజిన్ అంటే ప్రొపేన్‌తో నడిచేవీ ఉన్నాయి. కార్బురేటర్ జిగురు బాధ లేదు, కానీ ఎముకలు కొరికే చలిలో చిన్న సిలిండర్‌లో ఒత్తిడి పడిపోయి ఇంజిన్ ఆయాసపడుతుంది. సిలిండర్‌ని కోటులో వెచ్చగా పెట్టుకుంటే మళ్లీ అందుకుంటుంది.

సమస్య: ఫిష్ హౌస్‌లో కన్నాలు వేశాక తలనొప్పి, వికారం

వెంటనే బయటికి రండి, తలుపులు తెరవండి. పెట్రోలైనా ప్రొపేనైనా ఇంజిన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన లేదు, మనిషిని చంపగలదు. మూసిన గుడారంలో ఇంజిన్ నడపకూడదు. లోపలే కన్నాలు వేసే అలవాటున్నవాళ్లు ఎలక్ట్రిక్ తప్ప ఇంకోటి చూడొద్దు. హీటర్ పెట్టుకునేవాళ్లయితే మోనాక్సైడ్ అలారం కూడా తగిలించుకోండి.

ఇంటికొచ్చాక

బ్లేడు కవరు తీసి, మరని తుడిచి, వెచ్చని చోట ఆరనిచ్చి, అంచుకి కాస్త నూనె రాసి అప్పుడు మళ్లీ కవరు వేయండి. అలసిపోయి వచ్చిన రాత్రి ఈ ఐదు నిమిషాల పని రేపటికి వాయిదా పడుతుంది. ఒక మార్చి నెలలో నేను వేసిన వాయిదా డిసెంబరు దాకా సాగింది. తడి కవరులోంచి బయటపడ్డ ఆ బ్లేడ్లు తుప్పు పట్టి కవరుకే అతుక్కుపోయి ఉన్నాయి.