మీ వరి పొలం ఎంత కార్బన్ వదులుతోందో మీరే లెక్క కట్టుకోండి

దీనికి మిషన్లేమీ అక్కర్లేదు, ఒక నోట్‌బుక్కు, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ ఉంటే చాలు. నేనుండేది హైదరాబాద్‌లో, రాజేంద్రనగర్ వైపు. చేవెళ్ల దగ్గర మాకున్న రెండెకరాలు నాన్న చూసుకుంటాడు. 2023 మార్చిలో వడగళ్ల వానలకు యాసంగి పంటలు ఎట్లా పోయాయో మీకూ గుర్తుండే ఉంటుంది. వాతావరణం ఇట్లా మారుతుంటే అందులో మన పొలం వంతు ఎంత అని అప్పటి నుంచి మనసులో ఉండిపోయింది, లెక్క అట్లా మొదలైంది.

రాయాల్సినవి నాలుగే. డీజిల్ లీటర్లు, యూరియా బస్తాలు, మోటార్ నడిచిన గంటలు, మడిలో నీళ్లు నిలిచిన రోజులు. ఏ రోజుది ఆ రోజే రాయండి, కోతలయ్యాక గుర్తు తెచ్చుకుని రాస్తే అది లెక్క కాదు.

డీజిల్ సులువు. లీటర్ కాలితే 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. కిరాయి ట్రాక్టరైనా ఎన్ని లీటర్లు పట్టిందో డ్రైవర్‌ని అడగండి. దున్నకం, దమ్ము, కోత మిషన్ కలిపి ఎకరానికి 30 లీటర్లనుకుంటే 80 కిలోలు.

యూరియా బస్తా 45 కిలోలు. నేలలో కరిగాక దానిలోని కార్బన్ వల్ల 33 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. దానికి తోడు నత్రజనిలో కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా మారుతుంది, అది కార్బన్ డయాక్సైడ్ కంటే 273 రెట్లు వేడి పెంచుతుంది. రెండూ కలిపితే నీళ్లు నిలిచిన వరిలో బస్తాకు సుమారు 60 కిలోలు, అదే బస్తా పత్తికో మక్కకో వేస్తే 120 దాకా. ఫ్యాక్టరీలో యూరియా తయారీకయ్యేది ఇందులో కలపలేదు.

మోటార్ లెక్క దగ్గర చాలామంది ఆగిపోతారు, ఎందుకంటే మనకు కరెంటు ఉచితం, బిల్లు రాదు. గంటలు రాసుకుంటే సరిపోతుంది. 5 హెచ్‌పీ మోటార్ గంటకు దాదాపు 4 యూనిట్లు లాగుతుంది, కరెంటు తయారీలో వచ్చే కార్బన్ డయాక్సైడ్ యూనిట్‌కు 0.7 కిలోలు వేసుకోండి. సీజన్‌లో 500 గంటలు నడిస్తే 1,400 కిలోలు! మొదటిసారి ఈ అంకె చూసి తప్పు కొట్టానేమోనని మళ్లీ కొట్టాను.

ఇక మీథేన్. నీళ్లు నిలిచిన బురదలోకి గాలి పోదు, అక్కడ గాలి లేకుండా బతికే సూక్ష్మజీవులు కుళ్లిన గడ్డినీ వేర్లనీ తిని ఈ గ్యాస్ వదులుతాయి, అది ఎక్కువగా వరి కాడల్లోంచే పైకి వస్తుంది. దక్షిణాసియాకు ఐపీసీసీ (వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం) ఇచ్చిన సగటు ప్రకారం ఎప్పుడూ నీళ్లుండే మడిలో ఎకరానికి రోజుకు సుమారు 350 గ్రాములు. 110 రోజులకు 38 కిలోలు. మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే 27 రెట్లు వేడి పెంచుతుంది కాబట్టి దాన్ని 27తో గుణిస్తే వెయ్యి కిలోలు దాటుతుంది. ఇది సగటే, మీ నేలలో కొంచెం అటూ ఇటూ ఉంటుంది, కానీ పోయినేటికీ ఈ ఏటికీ తేడా చూసుకోవడానికి పనికొస్తుంది.

ఇప్పుడు రెండెకరాలకు కలపండి. డీజిల్ 160, ఎకరానికి రెండు బస్తాల చొప్పున యూరియా 240, మోటార్ 1,400, మీథేన్ రెండు వేల పైన. అంటే మనం ట్రాక్టర్ పొగ వైపు చూస్తున్నాం గానీ అసలు సంగతంతా నీళ్లలో ఉంది.

అందుకే మొదట నీళ్లు తగ్గించండి. 40 సెంటీమీటర్ల పీవీసీ పైపు ముక్క తీసుకుని, కింది సగానికి చుట్టూ రంధ్రాలు చేసి, ఆ సగాన్ని మట్టిలోకి దించి లోపలి మట్టి తీసేయండి. మరీ మిట్టా పల్లమూ కాని చోట, ఒడ్డు మీద నుంచి కనబడేట్టు పెట్టండి. నాటేసిన రెండు వారాల వరకు మామూలుగానే నీళ్లుంచండి, లేదంటే కలుపు మీద పడుతుంది. ఆ తర్వాత పైపులో నీళ్లు నేల మట్టం నుంచి 15 సెంటీమీటర్లు కిందికి దిగినప్పుడే మళ్లీ 5 సెంటీమీటర్లు పెట్టండి. పూత సమయంలో మాత్రం, ముందొక వారం తర్వాతొక వారం, మడి అస్సలు ఆరనివ్వొద్దు. పైన నేల ఆరినట్టు కనబడగానే నాన్నకు టెన్షన్ మొదలైంది, పైపులోకి తొంగిచూసి వేర్ల దగ్గర నీళ్లున్నాయని తెలిశాక గానీ కుదుటపడలేదు. ఆటో స్టార్టర్ ఉంటే తీసేయండి, అది కరెంటు వచ్చినప్పుడల్లా మడి నింపుతూనే ఉంటే పైపు పెట్టి లాభం లేదు.

ఇట్లా ఆరబెట్టి తడిపితే మీథేన్ దాదాపు సగానికి వస్తుంది, మోటార్ గంటలూ తగ్గుతాయి. నైట్రస్ ఆక్సైడ్ కొంచెం పెరుగుతుంది, కాబట్టి యూరియా ఒకేసారి పోయకుండా విడతలుగా, నీళ్లు పెట్టబోయే ముందు చల్లండి.

కోత తర్వాత మిగిలే వరి కొయ్యకాళ్లు కాల్చకండి. గడ్డి కట్టలు కట్టించి పశువులకు వాడుకోవచ్చు, దున్నేటట్టయితే నాటుకు నెల కంటే ముందే దున్నేయండి. అప్పుడే దున్నిన గడ్డి నీళ్ల కింద కుళ్లితే మీథేన్ ఇంకా పెరుగుతుంది.

కార్బన్ క్రెడిట్ల డబ్బులిప్పిస్తామని ఊళ్లోకి ఎవరైనా వస్తే ఈ నోట్‌బుక్ ముందు పెట్టుకుని మాట్లాడండి. ఒక క్రెడిట్ అంటే వెయ్యి కిలోల కార్బన్ డయాక్సైడ్ తగ్గించినట్టు లెక్క. పైపు పద్ధతితో ఎకరానికి ఒక పంటకు తగ్గే మీథేన్‌ని 27తో గుణించినా అందులో సగం కూడా నిండదు, దాన్నిబట్టి వాళ్లు చెప్పే రేటు నమ్మొచ్చో లేదో మీకే తెలుస్తుంది. ఒప్పందం ఎన్నేళ్లు, కొలత ఖర్చు ఎవరిది, మన వాటా ఎంత, మధ్యలో పంట మారిస్తే ఏమవుతుంది, ఇవన్నీ తెలుగులో రాసిచ్చేదాకా సంతకం పెట్టకండి.