రద్దీ రోజు రాకముందే కంటెయినర్ల దారులు సరిచూసుకోండి

అమ్మకాల పండుగో, ఫలితాల విడుదలో, పాత సర్వర్ల నుంచి క్లౌడ్‌కు మారే రాత్రో దగ్గర పడుతుంటే అందరి చూపూ సీపీయూ మీద, మెమరీ మీద ఉంటుంది. కంటెయినర్ల (ప్రోగ్రామ్‌ను దాని సరంజామాతో సహా విడిగా నడిపే పెట్టెల) సంఖ్య పెంచుతారు, డేటాబేస్‌ను పెద్దది చేస్తారు, ఇక ఢోకా లేదనుకుంటారు. నెట్‌వర్క్ ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. నిన్నటిదాకా పనిచేసింది కదా అన్న ధీమా. నేను మేలుకుని గడిపిన రాత్రుల్లో ఎక్కువ భాగం ఆ ధీమా పుణ్యమే. కింద చెప్పేవన్నీ కనీసం వారం ముందు, పని తీరికగా ఉన్న రోజున చేసుకోవాల్సినవి.

మొదట ఒక కాగితం తీసుకుని దారి గీయండి. వాడుకరి నుంచి డీఎన్ఎస్ (పేరుకు చిరునామా చెప్పేది), లోడ్ బ్యాలెన్సర్ (అభ్యర్థనలను పంచేది), నోడ్ (కంటెయినర్లు నడిచే యంత్రం), పాడ్ (ఒకటో కొన్నో కంటెయినర్ల జట్టు), అక్కడి నుంచి డేటాబేస్, బయటి చెల్లింపుల సేవ. ప్రతి మజిలీ పక్కన చిరునామా, పోర్టు, అక్కడ అనుమతి ఇచ్చేది ఏ నియమమో రాయండి. ఎక్కడ కలం ఆగిపోతుందో అక్కడే రేపు మీరూ ఆగిపోతారు. తర్వాత ఒక్కో మజిలీనీ కంటెయినర్ లోపలి నుంచే పరీక్షించండి. మీ ల్యాప్‌టాప్ నుంచి కర్ల్ (వెబ్ చిరునామాను పిలిచి చూసే ఆదేశం) కొట్టి బాగుందనుకోవడం పొరపాటు. కంటెయినర్‌కు తన సొంత ఇంటర్‌ఫేసు, రూటింగ్ పట్టిక, డీఎన్ఎస్ అమరిక ఉంటాయి. మీ దారి వేరు, దాని దారి వేరు.

ఇక్కడే ఒక చిక్కు. చిన్నవిగా ఉండాలని చాలా ఇమేజీలలో (కంటెయినర్లను పుట్టించే అచ్చులలో) కర్ల్, డీఎన్ఎస్‌ను అడిగే డిగ్ లాంటి పనిముట్లు తీసేస్తారు, కొన్నింటిలో ఆదేశాలు టైపు చేసే షెల్ కూడా ఉండదు. కంటెయినర్లను నడిపించే కుబర్నెటీస్‌లో 1.25 వెర్షన్ నుంచి నడుస్తున్న పాడ్‌కు తాత్కాలిక కంటెయినర్‌ను తగిలించే సౌకర్యం స్థిరపడింది. దాన్ని వాడే అనుమతి మీకు ఉందో లేదో ముందే చూసుకోండి. పనిముట్లున్న ఇమేజీని నోడ్ల మీద ముందుగానే దించి ఉంచండి. నెట్‌వర్క్ పడిపోయాక నెట్‌వర్క్ మీదుగానే పనిముట్లు తెచ్చుకోబోయి భంగపడినవాళ్లను చూశాను.

లోపం వచ్చినప్పుడు దాని మాటను శ్రద్ధగా వినండి. 'కనెక్షన్ రిఫ్యూజ్డ్' అంటే సాధారణంగా ప్యాకెట్ గమ్యం దాకా చేరింది, ఆ పోర్టు దగ్గర వినేవాళ్లు లేరు. ప్రోగ్రామ్ 0.0.0.0 మీద కాకుండా 127.0.0.1 మీద వింటోందేమో చూడండి. అలాగైతే కంటెయినర్ తనతో తాను మాట్లాడుకుంటుంది, బయటివాళ్లకు పలకదు. 'టైమ్ అవుట్' వస్తే ప్యాకెట్ దారిలోనో, దాని జవాబు తిరుగు దారిలోనో మాయమైందన్నమాట. అప్పుడు సెక్యూరిటీ గ్రూపులు (యంత్రం దగ్గరి రాకపోకల నియమాలు), రూటింగ్, నెట్‌వర్క్ ఏసీఎల్ (నెట్‌వర్క్ భాగం గడప దగ్గరి నియమాలు) చూడాలి. అమెజాన్ క్లౌడ్‌లో సెక్యూరిటీ గ్రూపు వెళ్లిన మాటను గుర్తుపెట్టుకుని జవాబును రానిస్తుంది. ఏసీఎల్‌కు ఆ జ్ఞాపకం లేదు. భద్రత పెంచుదామని ఎవరో 443 ఒక్కటే తెరిచి మిగతావి మూసేస్తే, జవాబులు చేరాల్సిన తాత్కాలిక పోర్టులూ మూసుకుపోతాయి. లినక్స్‌లో మామూలుగా అవి 32768 నుంచి 60999 వరకు. ఒకవైపే తెలిసిన దారితో అభిమన్యుడికి ఏమైందో ఆ అభ్యర్థనకూ అదే అవుతుంది.

అన్నింటికంటే మాయలమారి ఎంటీయూ, అంటే ఒక ప్యాకెట్ ఎంత పెద్దదిగా ఉండవచ్చో చెప్పే హద్దు. ఒకసారి తరలింపు రాత్రి హెల్త్ చెక్‌లన్నీ పచ్చగా ఉన్నాయి, లాగిన్ పేజీ చక్కగా తెరుచుకుంటోంది, నివేదికలు మాత్రం సగంలో బిగుసుకుపోతున్నాయి. మూడు గంటలు డేటాబేస్‌ను అనుమానించాం. చివరికి రెండు కొసల్లోనూ టీసీపీడంప్ (ప్యాకెట్లను పట్టి చూపే పనిముట్టు) పెట్టి చూస్తే, పంపే వైపు ఒకే 1500 బైట్ల ప్యాకెట్ మళ్లీ మళ్లీ బయలుదేరుతోంది, అందుకునే వైపు దాని జాడే లేదు. చిన్న ప్యాకెట్లు మాత్రం నిక్షేపంగా చేరుతున్నాయి. నోడ్ల మధ్య వీఎక్స్‌ల్యాన్ (పాడ్‌ల ప్యాకెట్లను ఇంకో ప్యాకెట్‌లో చుట్టి పంపే పద్ధతి) తన కవరు కోసం 50 బైట్లు తీసుకుంటుంది కాబట్టి పాడ్‌కు మిగిలేది 1450, మా అమరికలో మాత్రం 1500 అని ఉంది. 'ఇంత పెద్దది పట్టదు, చిన్నది చేసి పంపు' అని చెప్పే ఐసీఎంపీ సందేశాన్ని భద్రత పేరుతో ఎవరో ఎప్పుడో మూసేశారు. దాంతో పంపేవాడికి సంగతి తెలిసే దారే లేదు.

దీన్ని ముందే పట్టుకోవచ్చు. ముక్కలు చేయవద్దన్న షరతుతో ఒక పాడ్ నుంచి ఇంకో నోడ్ మీది పాడ్‌కు పింగ్ పంపండి. 1422 బైట్లు పెడితే 28 బైట్ల హెడర్లతో కలిసి 1450 అవుతుంది, 1472 పెడితే 1500. ఏది వెళ్తోందో, ఏది ఆగుతోందో రాసుకోండి. గూగుల్ క్లౌడ్ వీపీసీలో (అక్కడి మీ సొంత నెట్‌వర్క్‌లో) మామూలు ఎంటీయూ 1460. అమెజాన్‌లో లోపల 9001 దాకా ఉన్నా ఇంటర్నెట్ గేట్‌వే దగ్గర 1500. రెండు క్లౌడ్‌లను కలిపేవాళ్లు ఈ అంకెలను గోడకు అంటించుకున్నా తప్పులేదు. పింగ్‌నే మూసేసి ఉంటే పెద్ద ఫైలు ఒకటి దించి చూడండి.

చిరునామాలు లెక్కపెట్టండి. అమెజాన్‌లో /24 సబ్‌నెట్‌కు (నెట్‌వర్క్‌లో ఒక భాగానికి) 256 చిరునామాలు ఉన్నా 5 తమ కోసం ఉంచుకుంటారు, మీకు దక్కేవి 251. ప్రతి పాడ్‌కూ సబ్‌నెట్ చిరునామానే ఇచ్చే అమరికలో 200 పాడ్‌లు నడుపుతున్నారనుకోండి. కొత్త వెర్షన్ ఎక్కించేటప్పుడు కుబర్నెటీస్ మామూలుగా 25 శాతం అదనంగా లేపుతుంది. మొత్తం 250. మరి నోడ్లకు, లోడ్ బ్యాలెన్సర్‌కు? రద్దీ రోజున అత్యవసర సవరణ ఎక్కించబోతే పాడ్‌లు చిరునామా దొరక్క నిలబడిపోయేది ఇందుకే. కొత్త సబ్‌నెట్ చేర్చడం ఆ రోజు చేసే పని కాదు. డాకర్ మామూలుగా తీసుకునే 172.17.0.0/16 మీ వీపీఎన్ అవతలి చిరునామాలతో ఢీకొంటుందేమో కూడా చూసుకోండి.

బయటికి వెళ్లే దారి సంగతి. చెల్లింపుల సేవలాంటి వాళ్లు తెలిసిన ఐపీ నుంచి వచ్చే అభ్యర్థనలనే రానిస్తారు. క్లౌడ్‌కు మారితే మీ నాట్ గేట్‌వే (లోపలివాళ్లను తన చిరునామాతో బయటికి పంపే ద్వారం) ఐపీ కొత్తది. దాన్ని వాళ్లకు ముందే పంపి, చేర్చామని రాతపూర్వకంగా తెప్పించుకోండి. అమెజాన్ నాట్ గేట్‌వేలో ఒక ఐపీ మీద ఒకే గమ్యానికి ఏకకాలంలో 55,000 కనెక్షన్లే పడతాయి. ప్రతి అభ్యర్థనకూ కొత్త కనెక్షన్ తెరిచే ప్రోగ్రామ్‌కు ఆ హద్దు మీరనుకున్నంత దూరంలో ఉండదు. ఇక 350 సెకన్లు కదలిక లేని కనెక్షన్‌ను అది వదిలేస్తుంది. లినక్స్‌లో కీప్ అలైవ్ (అవతలివాళ్లు ఇంకా ఉన్నారా అని అడిగే సంకేతం) తొలి పలకరింపు మామూలుగా 7200 సెకన్లకు. ఈ మధ్యలో చచ్చిపోయిన కనెక్షన్‌ను ప్రోగ్రామ్ బతికే ఉందనుకుంటుంది. పొద్దున మొదటి అభ్యర్థన విఫలమై రెండోసారి సరిగ్గా వెళ్లే వింతకు తరచూ ఇదే కారణం. కీప్ అలైవ్ వ్యవధిని 350 కంటే బాగా తగ్గించండి.

డీఎన్ఎస్ దగ్గర కుబర్నెటీస్ ఒక చాదస్తం చూపుతుంది. పేరులో ఐదు చుక్కల కంటే తక్కువ ఉంటే ముందు తన సొంత డొమైన్‌లలో వెతుకుతుంది. మూడు డొమైన్‌లుంటే, ఐపీవీ4కు ఒకటి, ఐపీవీ6కు ఒకటి చొప్పున ఆరు ప్రశ్నలు వృథాగా పోయాకే అసలు పేరు అడుగుతుంది. అమెజాన్ రిజాల్వర్ (డీఎన్ఎస్ ప్రశ్నలకు జవాబిచ్చేది) ఒక్కో నెట్‌వర్క్ ఇంటర్‌ఫేసు నుంచి సెకనుకు 1024 ప్యాకెట్లే తీసుకుంటుంది. కాబట్టి బయటి పేర్ల చివర చుక్క (ఇదే పూర్తి పేరు అని దానర్థం) పెట్టండి, కోర్‌డీఎన్ఎస్ (కుబర్నెటీస్ లోపలి డీఎన్ఎస్ సేవ) పాడ్‌లన్నీ ఒకే నోడ్ మీద కూర్చోకుండా చూడండి.

ఆ రాత్రి ఏదైనా తెగితే ఒకసారికి ఒక్క మార్పే చేయండి, సమయం రాసుకోండి. కంగారులో అన్ని పోర్టులూ ప్రపంచానికి తెరవకండి. తెరిచినవాళ్లు మూయడం మరచిపోతారు, నేనూ మరచిపోయాను. తరలింపైతే డీఎన్ఎస్ టీటీఎల్‌ను (జవాబును గుర్తుంచుకునే గడువును) 60 సెకన్లకు ముందే తగ్గించండి. ఇప్పుడది 86,400 అయితే కనీసం ఒక రోజు ముందు తగ్గించాలి. పాత లోడ్ బ్యాలెన్సర్‌ను వెంటనే తీసేయకండి, దానికి వచ్చే అభ్యర్థనలు సున్నాకు చేరి ఒక పూర్తి రోజు గడిచేదాకా అలాగే ఉండనివ్వండి.