హైదరాబాద్ బాల్కనీలో డాఫోడిల్స్ పూయించడం ఎలా?

డాఫోడిల్ అంటే ఉల్లిగడ్డలాంటి గడ్డ నుంచి పెరిగే చలిదేశాల పూలమొక్క. మనం స్వెటర్లు బయటికి తీసే డిసెంబర్ రాత్రి కూడా దానికి చలి కింద లెక్క కాదు. దాని పువ్వు వేసవిలోనే గడ్డ లోపల తయారై కూర్చుంటుంది. కాడ సాగి బయటికి రావాలంటే మాత్రం 12 నుంచి 16 వారాలు, 9 డిగ్రీల లోపు చలి తగలాలి. బ్రిటన్‌లో ఆ చలి నేలలోనే దొరుకుతుంది, అందుకే అక్కడ ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పూస్తుంది. మనకు ఫ్రిజ్జే దిక్కు.

కాబట్టి లెక్క వెనక నుంచి వేసుకోండి. జనవరిలో, నాంపల్లిలో నుమాయిష్ నడిచే రోజుల్లో పూలు కావాలంటే సెప్టెంబర్ మధ్యకల్లా గడ్డలు ఫ్రిజ్‌లో పడాలి. నవంబర్‌లో పెడితే చలి పూర్తయ్యేసరికి ఎండలు ముదురుతాయి, మొగ్గ మాడిపోతుంది.

గట్టిగా, బరువుగా ఉన్న గడ్డలు ఏరుకోండి. కాగితం సంచిలో వేసి కూరగాయల అరలో పెట్టండి, ఫ్రీజర్‌లో కాదు. పక్కన యాపిల్, అరటి ఉండొద్దు, పండే కాయల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు గడ్డ లోపలి మొగ్గను చంపేస్తుంది. సంచి మీద 'తినేవి కావు' అని పెద్దగా రాయండి. నేను రాయలేదు. ఒక పొద్దున ఉప్మా కోసం అత్తమ్మ ఒకటి పొట్టు తీసి, సగం కోసి, "ఈ ఉల్లిగడ్డకు కంట్లో నీళ్లే రావట్లేదేందమ్మా, జిగురు కారుతుంది?" అన్నారు. పరుగెత్తుకెళ్లి లాక్కున్నాను. అందులో లైకోరిన్ అనే విషం ఉంటుంది, తింటే వాంతులే. ఆ జిగురు కొందరికి చేతుల మీద దద్దుర్లు తెస్తుంది కూడా.

డిసెంబర్ మూడో వారంలో నాటండి. అడుగున రంధ్రమున్న 8 అంగుళాల కుండీలో ఎర్రమట్టి, కోకోపీట్ (కొబ్బరిపీచు పొడి), కాస్త ఇసుక కలిపి, మొన పైకి ఉండేలా ఐదారు గడ్డలు ఒకదానికొకటి తగలకుండా పెట్టాలి. ఒకసారి నిండా నీళ్లు పోసి, ఆ తర్వాత పైమట్టి ఆరితేనే పోయండి. మొలక వచ్చేదాకా నీడ, వచ్చాక పొద్దుటి ఎండ. పడమటి బాల్కనీ అయితే మధ్యాహ్నం లోపలికి జరపాల్సిందే. మూడు నుంచి ఐదు వారాల్లో పూస్తాయి.

ఈ ఫ్రిజ్ తంటా వద్దంటే పేపర్‌వైట్ రకం తెచ్చుకోండి. తెల్లటి గుత్తులు, ఘాటైన వాసన, చలి అక్కర్లేదు. గులకరాళ్ల గిన్నెలో, నీళ్లు గడ్డ అడుగును మాత్రమే తాకేలా పెట్టినా నాలుగు నుంచి ఆరు వారాల్లో పూస్తుంది.

పూశాక గడ్డలు దాచుకోవచ్చా అంటే, నేను రెండేళ్లు దాచి చూశాను. ఆకులే వచ్చాయి. ఇప్పుడు బంతినారు కొన్నట్టే ఏటా కొత్తవి కొంటున్నాను.