మూడో తరగతి పిల్లలకు చదవడం, రాయడం నేర్పే పద్ధతి

మూడో తరగతి పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చున్నా చదువులో ఒకే చోట ఉండరు. ఒకరు పేజీ మొత్తం గడగడా చదివేస్తారు. పక్కవారు 'కొ... మ్మ... కొమ్మ' అని కూడబలుక్కుంటారు. మరొకరు బొమ్మ చూసి పాఠం అప్పజెప్పేస్తారు, వేలు మాత్రం వేరే వరుస మీద ఉంటుంది. అందరినీ కలిపి మళ్లీ 'అ ఆ ఇ ఈ' నుంచి మొదలుపెడితే మొదటివారికి విసుగు, మూడోవారికి ఇంకో బట్టీ. ఎవరు ఎక్కడ ఆగిపోయారో ముందు పట్టుకోవాలి.

ఐదు నిమిషాల పరీక్ష

ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి నాలుగు కార్డులు చదివించండి.

1. వరుస తప్పించి రాసిన 10 అక్షరాలు. ప–వ, మ–య, న–స, ద–ధ లాంటి పోలికున్నవి తప్పకుండా ఉండాలి.
2. గుణింతాలున్న 10 చిన్న పదాలు. వీటిలో మూడు నాలుగు అర్థం లేనివి కలపండి: మిలు, తొగీ, నేబు.
3. ఒత్తులున్న 10 పదాలు.
4. ఎప్పుడూ చూడని నాలుగు వాక్యాల కథ, దాని మీద రెండు ప్రశ్నలు.

అర్థం లేని పదాలు ఎందుకంటే, పదం ఆకారాన్ని గుర్తుపెట్టుకుని చదివే పిల్లలు అక్కడే దొరికిపోతారు. 'నేబు'ను 'నేను' అనేస్తారు. పదింటికి ఎనిమిది సరిగ్గా వస్తే ఆ కార్డు దాటినట్టే. పరీక్షలో తప్పు దిద్దకండి, పిల్లలు పలికింది పలికినట్టు రాసుకోండి. 'మీద'ను 'మిద' అంటే దీర్ఘం దగ్గర ఇబ్బంది, 'యీద' అంటే అక్షరం దగ్గర. రెండింటికీ మందు ఒకటి కాదు.

గుణింతం, ఒత్తు: అసలు చిక్కు ఇక్కడే

గుణింతం మొత్తం పాటలా పాడగలిగినవారు కూడా విడిగా 'పు' చూపిస్తే తడబడతారు. 'వ'కు మామూలుగా కొమ్ము పెడితే 'మ'లా కనిపిస్తుంది కాబట్టి 'పు', 'వు'లలో కొమ్ము కిందికి దిగుతుంది. 'మొ', 'యొ'లలో ఒత్వం వేరే రూపంలో, ఎత్వం, కొమ్ము కలిసినట్టుగా ఉంటుంది. ఇలాంటి తేడా రూపాలను విడిగా ఒక పట్టికలో రాసి గోడకు అంటించండి. మిగతావాటిని జంటలుగా చదివించడం మేలు: పిలుపు–పీట, కొడుకు–కోడి. హ్రస్వం, దీర్ఘం పక్కపక్కన ఉంటేనే చెవికి తేడా తెలుస్తుంది.

ఒత్తుల్లో చాలావరకు తలకట్టు తీసేసిన అక్షరంలాగే ఉంటాయి. త, న, మ, య, ర, ల ఒత్తులు మాత్రం అసలు అక్షరాన్ని పోలవు, వీటిని కొత్త గుర్తులుగానే నేర్పాలి. ముందు ద్విత్వాలు (అక్క, బువ్వ, గడ్డి), తర్వాత సంయుక్తాలు (పద్యం, చక్రం), చివర 'రాష్ట్రం', 'శాస్త్రం' లాంటివి. వారానికి రెండు ఒత్తులు చాలు.

'ద్యా'ను 'దాయ' అనీ, 'క్రి'ని 'కిర' అనీ ఎందుకు చదువుతారు? దీర్ఘమో గుడో పై అక్షరం మీద కనిపిస్తుంది, కానీ దాని ధ్వని ఒత్తు తర్వాత పలుకుతుంది. కంటికి కనిపించిన వరుసలో చదివితే తప్పే వస్తుంది. 'కకు గుడిస్తే కి, కికి రావత్తిస్తే క్రి' అనే పాత పద్ధతి రాసేటప్పుడు చేతికి బాగా పనికొస్తుంది. చదివేటప్పుడు మాత్రం అడ్డం పడుతుంది. చదవడానికి ముందు 'క్ర' పలికించండి, ఆ తర్వాతే గుడి చేర్చండి: క్ర, క్రి. 'విద్యార్థులు' లాంటి పదాన్ని వి–ద్యా–ర్థు–లు అని నాలుగు ముక్కలుగా పెన్సిల్‌తో విడగొట్టి, ముక్కలు చదివాక వెంటనే మొత్తం ఒక్క గుక్కలో పలికించాలి. ఈ ఆఖరి పని మరిచిపోతే కూడబలుక్కోవడమే అలవాటైపోతుంది.

ధారగా చదవడం

50 నుంచి 70 పదాల భాగం ఒకటి తీసుకుని నాలుగు రోజులు నడపండి. మొదటి రోజు మీరు చదవండి, పిల్లలు వేలుతో అనుసరిస్తారు. రెండో రోజు అందరూ కలిసి, మూడో రోజు జంటలుగా, నాలుగో రోజు ఒక్కొక్కరూ. నాలుగో రోజు వాక్యాల వరుస మార్చి ఇవ్వండి. కంఠస్థం చేసినవారు అక్కడ ఆగిపోతారు.

పదం పదం విరిచి చదివేవారికి మాటల గుంపులు గీతలు పెట్టి చూపించాలి: 'వాన వెలిశాక / రవి / గొడుగు మడిచి / సంచిలో పెట్టుకున్నాడు.' నిమిషానికి ఇన్ని పదాలు అన్న ఇంగ్లిష్ లెక్కలు తెలుగుకు అతకవు. 'చదువుకుంటున్నారు' ఏడక్షరాలు, ఒకే మాట. పిల్లల వేగాన్ని పోయిన నెలలో వారి వేగంతోనే పోల్చండి.

అర్థమైందా?

పై కథలో తర్వాతి వాక్యం 'దారిలో నీళ్లు చూసి చెప్పులు చేత పట్టుకున్నాడు' అనుకుందాం. 'గొడుగు ఎక్కడ పెట్టాడు?' అనేది తేలిక ప్రశ్న. ప్రశ్నలోని మాటను పాఠంలో వెతికి ఆ వరుసంతా ఎత్తి రాసేస్తే మార్కు వచ్చేస్తుంది, అర్థం కానక్కర్లేదు. 'చెప్పులు చేత ఎందుకు పట్టుకున్నాడు?' అన్నదానికి జవాబు పాఠంలో లేదు, ఆలోచించి చెప్పాలి. ప్రతి పాఠానికీ ఇలాంటిది ఒకటైనా అడగండి, పుస్తకం మూయించి నోటితో చెప్పించండి.

రాత

ఒత్తులు కింది వరుసకు తగలకుండా వరుస విడిచి వరుస రాయించండి. చూచిరాత దస్తూరికి మేలు చేస్తుంది, అంతకుమించి ఆశించకూడదు. రోజూ ఎనిమిది పదాలు, ఒక వాక్యం ఉక్తలేఖనం పెట్టండి: మీరు చెప్పాలి, పిల్లలు తిరిగి పలకాలి, అక్షరాలు వేళ్లపై లెక్కపెట్టాలి, రాయాలి, కార్డు చూసి తామే దిద్దుకోవాలి. తప్పిన పదాన్ని పదిసార్లు రాయించడం కంటే దాన్ని వాడి ఒక సొంత వాక్యం రాయించడం నయం. బ–భ, ల–ళ, న–ణ, శ–ష–స తేడాలు మాటల్లో చాలామంది నోట స్పష్టంగా వినపడవు. వాటిని చెవితో పట్టుకోమంటే కుదరదు. 'భూమి', 'ఖాళీ', 'కళ్లు', 'బాణం' లాంటివి కంటితో గుర్తుపెట్టుకోవాల్సిన పదాలని చెప్పి గోడమీద ఉంచండి.

సొంత రాతకు 'మీ ఊరి గురించి రాయండి' లాంటి పెద్ద అంశం ఇస్తే అందరి నోట్సులోనూ ఒకే నాలుగు వాక్యాలు వస్తాయి. ఒక్క వాక్యంతో మొదలుపెట్టండి: 'కుక్క మొరిగింది.' ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, తర్వాత ఏమైంది అని అడుగుతూ ముందు నోటితో పెంచండి. కాసేపటికి ఇలా తయారవుతుంది: 'రాత్రి గేటు దగ్గర చప్పుడైంది. కుక్క మొరిగింది. నాన్న లైటు వేశాడు. పిల్లి గోడ దూకి పారిపోయింది.' చెప్పగలిగాకే రాయమనాలి. మూడు వాక్యాలతో మొదలై ఏడాది చివరికి ఎనిమిది దాకా వస్తే బాగానే వచ్చినట్టు.

ఇంట్లో మాట్లాడే యాసలో రాస్తే మొదటి ప్రతిలో అలాగే ఉంచండి. అక్కడే కొట్టేస్తే తర్వాత నుంచి తప్పు పోదని తెలిసిన మాటలే రాస్తారు, రాత పలచబడిపోతుంది. దిద్దేటప్పుడు రోజుకు ఒక రకం తప్పే చూడండి: ఈ రోజు దీర్ఘాలు, రేపు ఒత్తులు, ఎల్లుండి వాక్యం చివర చుక్క. పేజీ నిండా ఎర్రసిరా పడితే అసలేదీ చూడరు.

సమయం, మళ్లీ పరీక్ష

రోజుకు గంట దొరికితే పది నిమిషాలు పదాలకు, ఇరవై చదవడానికి, పది మాట్లాడించడానికి, ఇరవై రాతకు. కార్డుల ఫలితాన్ని బట్టి మూడు గుంపులు చేసి, మీరు ఒక గుంపుతో ఉన్నప్పుడు మిగతా రెండూ జంట చదువు, రాత చేసుకునేలా చూడండి. నాలుగు వారాలకోసారి కొత్త పదాలతో అవే నాలుగు కార్డులు పెట్టి గుంపులు మార్చండి.

రెండు విడతలైనా కదలని పిల్లలు ఉంటే పద్ధతి మార్చే ముందు కళ్లు, చెవులు చూపించమనండి. పుస్తకంలోది సరిగ్గా చదివి బోర్డు మీదిది తప్పుగా ఎక్కించుకుంటుంటే చూపు అనుమానించాలి. ఉక్తలేఖనంలో త–ద, ప–బ తరచూ తారుమారవుతుంటే వినికిడి. రెండూ బాగానే ఉంటే కార్డు మార్చొద్దు, పదాలు తగ్గించండి: పదికి బదులు నాలుగు, రోజుకు రెండుసార్లు.