మోడ్స్ వేసే ముందు పాత వెర్షన్ దాచుకోండి

పాత గేమ్‌లకి మోడ్స్ (గేమ్‌ని మార్చడానికి అభిమానులు తయారుచేసే ఫైల్స్) వేసేవాళ్లు, ఇన్‌స్టాల్ కాగానే ఏ మోడ్ వేయకముందే గేమ్ ఫోల్డర్ మొత్తం ఇంకో డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. పీసీ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో అయితే అది స్టీమ్‌యాప్స్ లోపలి కామన్ ఫోల్డర్‌లో ఉంటుంది.

స్టోర్‌లో ఈ రోజు ఉన్న వెర్షన్ రేపు ఉంటుందన్న గ్యారంటీ లేదు. 2024 ఏప్రిల్‌లో ఫాల్అవుట్ 4కి పెద్ద అప్‌డేట్ వచ్చేసరికి స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్ (మోడ్స్‌కి అదనపు సామర్థ్యాలిచ్చే చిన్న ప్రోగ్రామ్) మీద ఆధారపడ్డ మోడ్స్ పనిచేయడం మానేశాయి. అభిమానులు ఏళ్ల తరబడి కష్టపడి చేసిన ఫాల్అవుట్ లండన్ అనే పెద్ద మోడ్ కూడా దానివల్లే జూలైకి వాయిదా పడింది. పాపం, ఎంత బాధగా ఉండి ఉంటుందో! జీటీఏ శాన్ ఆండ్రియాస్ పాత వెర్షన్‌నైతే 2021లో రీమాస్టర్ (మెరుగుపరిచిన కొత్త వెర్షన్) వచ్చే ముందు స్టీమ్‌లో అమ్మడమే ఆపేశారు. ముందే కొన్నవాళ్లకి మాత్రం లైబ్రరీలో ఉంది.

స్టీమ్‌లో గేమ్ ప్రాపర్టీస్‌కి వెళ్లి, అప్‌డేట్స్ దగ్గర గేమ్ లాంచ్ చేసినప్పుడే అప్‌డేట్ అయ్యేలా పెట్టండి. ఆ తర్వాత ప్లే బటన్ జోలికి వెళ్లకుండా స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్ ఫైల్‌తోనే గేమ్ మొదలుపెట్టండి.

స్టీమ్‌లోనూ, జీఓజీ అనే ఇంకో గేమ్ స్టోర్‌లోనూ దొరికే గేమ్ అయితే జీఓజీలోనే కొనమంటాను. అక్కడ ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్‌ని డౌన్‌లోడ్ చేసి హార్డ్‌డిస్క్‌లో దాచుకోవచ్చు. లాంచర్ (స్టోర్ యాప్) లేకుండానే ఇన్‌స్టాల్ అవుతుంది, అప్‌డేట్ టెన్షన్ ఉండదు.